చెప్పింది చెప్పినట్టు వినేవాడితో చిక్కు



మాది ఓబులదేవరచెరువు. బస్సు బోర్డు మీద ఓడీ చెరువు, మాటల్లో ఓడీసీ. ఇటు కదిరి, అటు గోరంట్ల, ఇంకాస్త పోతే హిందూపురం. ఓడీసీ అంటే గుర్తొచ్చింది, 1968లో స్టాన్లీ కుబ్రిక్ అనే ఆయన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' అని ఒక సినిమా తీశాడు. అందులో హాల్ అనే కంప్యూటరు ఉంటుంది. అంతరిక్ష నౌకలో మనుషులతో ఎంతో మర్యాదగా, గొంతు పెంచకుండా మాట్లాడుతూనే వాళ్ల ప్రాణాలు తీస్తుంది. మా ఓడీసీకీ ఆ ఒడిస్సీకీ చుట్టరికం ఏమీ లేదు లెండి. మర్యాదగా మాట్లాడుతూ ముంచేవాళ్లు మాత్రం ఏ ఊళ్లోనైనా ఉంటారు.

ఈ పూట నేను మాట్లాడబోయేది యంత్రాల మాటల గురించి. సైన్సు కథల్లో, సినిమాల్లో మనిషికీ తెలివైన రోబోకీ మధ్య నడిచే సంభాషణ గురించి, అందులో పుట్టే నవ్వు గురించి.

మన దగ్గర నిజం రోబోలు లేకపోలేదు. పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కియా వాళ్ల కార్ల ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. అక్కడ వెల్డింగు చేసేవి రోబో చేతులు. ఇనుప చేయి వంగుతుంది, నిప్పురవ్వలు రాలుతాయి, చేయి వెనక్కి పోతుంది. మళ్లీ వంగుతుంది. బాగున్నావా అంటే పలకదు, తిట్టినా పలకదు. కంచె అవతల దాని పని అది చేసుకుపోతుంది. నిజం రోబో ఇంత ముభావి. మాటకారి రోబోలు ఎక్కువగా కథల్లోనే ఉన్నాయి. కథ రాసేవాడికి ఇనుముతో ఏం పని? దాని నోట ఏం పలికించాలన్నదే ఆయన తిప్పలు.

అసలు రోబో అన్న పాత్ర రంగస్థలం ఎక్కిందే నవ్వులతో. 1921లో ప్రాగ్ నగరంలో కారెల్ చాపెక్ రాసిన 'ఆర్.యు.ఆర్.' నాటకం ఆడారు. హెలెనా అనే అమ్మాయి ఒక ద్వీపంలో ఉన్న రోబోల ఫ్యాక్టరీ చూడటానికి వస్తుంది. అక్కడి పెద్ద, డోమిన్ అనే ఆయన, టైపు కొట్టే అమ్మాయిని చూపించి ఇది రోబో అంటాడు. హెలెనా చస్తే నమ్మదు. ఆడపిల్లను పట్టుకుని అంత మాటంటారా అని కోప్పడుతుంది. కావాలంటే కోసి చూపిస్తామంటాడు ఆయన, అంత మామూలుగా. కాసేపటికి ఫ్యాక్టరీ అధికారులు నలుగురైదుగురు లోపలికి వస్తారు. వీళ్లే రోబోలనుకుంటుంది హెలెనా. మీకు అన్యాయం జరుగుతోంది, మిమ్మల్ని విడిపించడానికే వచ్చాను అని ఉపన్యాసం అందుకుంటుంది. ఆ పెద్దమనుషులు బుద్ధిగా వింటారు. వందేళ్లు దాటినా ఈ సీను పాతబడలేదంటే కారణం, ఇందులో నవ్వు రోబో మీద పడదు. మనిషెవరో బొమ్మెవరో నాకు తెలుసులే అన్న ధీమా మీద పడుతుంది. నాటకం చివరికి వచ్చేసరికి రోబోలు ఒక్కణ్ని తప్ప మనుషులందరినీ మట్టుబెడతాయి, అది వేరే సంగతి.

ఇక మనకు బాగా తెలిసిన రోబో దగ్గరికి వద్దాం. 2010 అక్టోబరులో శంకర్ తీసిన తమిళ సినిమా 'ఎందిరన్' తెలుగులో 'రోబో'గా వచ్చింది. శాస్త్రవేత్త వశీకరణ్ రజనీకాంతే, ఆయన తయారుచేసిన చిట్టీ రజనీకాంతే. తెలుగులో రజనీకాంత్‌కు గొంతు ఇచ్చేది మనో గనక, మనవరకూ ఆ సినిమాలో మనిషీ యంత్రమూ కూడా మనోనే. ఒకే గొంతు రెండు రకాలుగా పలకాలి. మనిషి మాటలో తడబాటు ఉంటుంది, విసుగు ఉంటుంది. చిట్టి మాటలో అవి ఉండవు, మొదటి సగంలో.

ఆ సినిమా మాటల వెనక ఉన్న మనిషిని గురించి రెండు ముక్కలు చెప్పాలి. సుజాత అన్న పేరుతో రాసిన తమిళ రచయిత ఎస్. రంగరాజన్. మనకు పొరుగున, బెంగళూరులో, భారత్ ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరుగా పనిచేశాడు. ఓటింగు యంత్రం తయారీలో ఆయనది పెద్ద చేయి. ఒకవైపు ఆ పని, ఇంకోవైపు 'ఎన్ ఇనియ ఇయందిరా' అనే సీరియల్ నవల. అందులో జీనో అని ఒక రోబో కుక్క, మాట్లాడుతుంది, పైగా మనుషులకంటే నయంగా ఆలోచిస్తుంది. శంకర్ సినిమాకు సుజాత మాటలు రాస్తూ 2008 ఫిబ్రవరిలో చనిపోయాడు. తర్వాతి భాగం మదన్ కార్కీ, శంకర్ పూర్తిచేశారు. నాకు ఒకటి తమాషాగా అనిపిస్తుంది. ఆయన చేయి పడ్డ యంత్రాల్లో ఒకటి మన ఊరి బడిలో ఐదేళ్లకోసారి బల్ల మీద కూర్చుని, మీట నొక్కితే కుయ్యిమని ఒక్క కూత కూసి ఊరుకుంటుంది. రెండోది చిట్టి, నోరు మూయడు.

చిట్టి నవ్వించే పద్ధతి ఒక్కటే. చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. టీవీ వేయమంటే టీవీని ఎత్తి నేలమీద వేస్తాడు. వశీకరణ్ ప్రేమించిన సనాను దోమ కుడుతుంది. ఆ దోమను పట్టుకొచ్చి సారీ చెప్పించు అంటుంది ఆమె. ప్రేమించినవాళ్లు ఇలాంటివి వంద అంటారు, విన్నవాళ్లు నవ్వి ఊరుకుంటారు. చిట్టి ఊరుకోడు. మురిక్కాలవ దాకా వెళ్లి, దోమల భాషలో దోమలతో పంచాయితీ పెట్టి, కుట్టిన దోమను వెతికి పట్టుకొస్తాడు. దేవుడు ఉన్నాడా అని అడిగితే, దేవుడంటే ఎవరని తిరిగి అడుగుతాడు. మనల్ని సృష్టించినవాడని చెబితే, నన్ను సృష్టించినవాడు వశీకరణ్, కాబట్టి ఉన్నాడు అని తేల్చేస్తాడు. అందులో కొంటెతనం ఏమీ లేదు, లెక్క చేశాడంతే. హాల్లో అందరూ నవ్వుతారు. నాస్తికుడికీ ఆస్తికుడికీ ఒకే జవాబు నచ్చడం మామూలు విషయమా?

మనమందరం నవ్విన ఆ గుణమే కాసేపటికి ఒక అమ్మాయి ప్రాణం తీస్తుంది. ఒక భవనానికి నిప్పంటుకుంటుంది. చిట్టి ఒక్కొక్కరినీ కాపాడి దించుతుంటాడు. స్నానం చేస్తున్న అమ్మాయిని కూడా ఉన్నదున్నట్టుగా ఎత్తుకొచ్చి జనం మధ్యలో, కెమెరాల ముందు నిలబెడతాడు. ప్రాణం కాపాడమన్నారు, కాపాడాడు. మానం సంగతి అతనికెవరూ చెప్పలేదు. ఆ పిల్ల సిగ్గుతో పరుగెత్తి బండి కింద పడి చనిపోతుంది. దోమ సీను రాసిన తర్కమే ఈ సీనూ రాసింది. నవ్వించిన దాన్నే తిప్పి ఏడిపించడం చేయి తిరిగిన రచయితలకే చేతనవుతుంది. సినిమా రెండో సగంలో వందల చిట్టీలు బంతిగా, పాముగా మారి చేసే యుద్ధం కంటే నాకు ఈ మంటల సీనే ఎక్కువ గుర్తుంది.

రెండో సగంలో చెప్పుకోదగ్గది ఒకటుంది. తనలో ఒక ఎర్ర చిప్పు పెట్టాక చిట్టి చెడిపోతాడు. వశీకరణ్ రోబో వేషంలో రోబోల మధ్య దూరతాడు. కనిపెట్టిన చిట్టి మేకలా మే మే అని అరుస్తాడు. గొర్రెలూ మేకలూ తెలిసిన మన సీమవాళ్లకు ఆ అరుపు ఇంకాస్త ఎక్కువే అందుతుంది. గమనించండి, ఇప్పుడు చిట్టి చెప్పింది చెప్పినట్టు వినడంలేదు. ఎగతాళి చేస్తున్నాడు. ఎగతాళి నేర్చిన యంత్రం అంటేనే మనకు భయం. అంటే ఇన్నాళ్లూ మనం నవ్వింది అతని అమాయకత్వం చూసి అన్నమాట.

చెప్పింది చెప్పినట్టు వినడం ఇంట్లో చిన్నపిల్లలు చేసే పనే. అప్పులవాడు తలుపు తడితే, నాన్న లేడని చెప్పమన్నాడు నాన్న, అని చెప్పే పిల్లవాడు ఉంటాడు చూడండి, అలాంటివాడు. మన రోబోల పేర్లు కూడా చిట్టి, బుజ్జి అనే ఉంటాయి. అమెరికా సినిమాల్లో ఆర్2-డీ2, సీ-3పీఓ అని నెంబర్లుంటాయి. మనం మాత్రం నెంబరు చూస్తే చంకనెత్తుకుని ముద్దుపేరు పెడతాం.

చెప్పినట్టు వినేవాడి చిక్కును మొదట లెక్కగట్టి కథలు రాసినవాడు ఐజాక్ అసిమోవ్. ఆయన మూడు సూత్రాలు, అంటే మనిషికి హాని చేయకు, మాట విను, నిన్ను నువ్వు కాపాడుకో అనేవి, 1942లో వచ్చిన 'రన్‌అరౌండ్' కథలో వరసగా చెప్పాడు. ఆ కథ పట్టి చూస్తే హాస్యకథే. బుధగ్రహం మీద స్పీడీ అనే రోబోను సెలీనియం తెమ్మని పంపుతారు. ఆజ్ఞ కాస్త మెత్తగా ఇచ్చారు. అక్కడేమో ప్రమాదం ఉంది, రోబో ఖరీదైనది గనక తనను తాను కాపాడుకోవాలన్న బుద్ధి దానికి ఎక్కువ పెట్టారు. ముందుకు పోలేక, వెనక్కి రాలేక, ఆ సెలీనియం మడుగు చుట్టూ తిరుగుతూ, తాగినవాడిలా పాటలు పాడుతూ ఉంటుంది. సూత్రాలు మూడూ సవ్యంగా పనిచేస్తున్నాయి, పని మాత్రం జరగడంలేదు. ఏ ఆఫీసు మెట్లెక్కి దిగినవారికైనా స్పీడీ తెలిసిన మనిషిలాగే ఉంటుంది.

మన దేశంలో మనిషీ రోబో మాటల సంగతిని పిలుపు వైపు నుంచి పట్టుకున్నది సత్యజిత్ రాయ్. ఆయన 1976లో 'అనుకూల్' అని ఒక కథ రాశాడు. నికుంజబాబు అనే ఆయన ఇంట్లో పనికి ఒక రోబోను తెచ్చుకుంటాడు. కంపెనీవాళ్లు ముందే చెబుతారు, ఇతణ్ని ఒరేయ్ అని పిలవొద్దు, చేయి చేసుకోవద్దు, చేసుకుంటే వేలితో షాకు కొడతాడు అని. అనుకూల్ చదువుకున్నవాడు, వినయస్థుడు. ఎవరో చుట్టం వస్తాడు. పనివాణ్ని ఎలా పిలవాలో తనకు ఇంకొకరు చెప్పేదేమిటన్న రకం. చేయి ఎత్తుతాడు. తర్వాత ఏమయిందో చెప్పి మీకు కథ పాడుచేయను. రాయ్ ఎక్కడా గొంతెత్తడు. పనిమనిషిని ఎలా పిలుస్తామన్న ఒక్క ప్రశ్నతో పెద్దమనుషుల బండారమంతా బయటపెడతాడు. మన ఇళ్లలో పనిచేసేవాళ్లకు షాకు కొట్టే వేలు లేదు గనక ఒరేయ్, ఒసేయ్ ఇంకా చెలామణీలో ఉన్నాయి.

రేడియోలో మాట్లాడుతూ రేడియో రోబోను మరిస్తే తప్పు. 1978 మార్చిలో బీబీసీ రేడియోలో డగ్లస్ ఆడమ్స్ 'హిచ్‌హైకర్స్ గైడ్ టు ది గెలాక్సీ' నాటకం మొదలైంది. నవల, సినిమా అన్నీ తర్వాతే. అందులో మార్విన్ అనే రోబోకు గ్రహమంత బుర్ర ఉంది. దానికి చెప్పే పని తలుపు తీయడం, వచ్చినవాళ్లను వెంటబెట్టుకు రావడం. దాంతో అది పొద్దస్తమానం దిగాలుగా, నిట్టూరుస్తూ మాట్లాడుతుంది. అది ఉండే అంతరిక్ష నౌకలో తలుపులు మాత్రం తెరుచుకున్నందుకు మురిసిపోతుంటాయి. డిగ్రీలు చదివి చిన్న ఉద్యోగంలో కూర్చున్న పిల్లలెవరికైనా వినిపించండి, మార్విన్‌ను వివరించాల్సిన పనే ఉండదు. రేడియోలో ఆ రోబోకు ఒళ్లు లేదు, గొంతే ఒళ్లు. రోబో పాత్రకు అంతకంటే ఏం కావాలి?

తెర వెనక గొంతుతో బొమ్మను బతికించడం మన పక్క ఊరి విద్య. ధర్మవరం మండలం నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుపడ్డ ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పల్చగా గీకిన తోలు మీద చిల్లులు పొడిచి, రంగులు వేసి, వెనక దీపం పెడితే రాముడు మనిషెత్తున నిలబడతాడు. అయితే జనాన్ని రాత్రి తెల్లవార్లూ కూర్చోబెట్టేది రాముడొక్కడే కాదు. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ఉన్నారు. యుద్ధం మధ్యలో వీళ్లు దూరతారు. తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, ఆ ఊరి సంగతులెత్తి ఎదురుగా కూర్చున్న పెద్దమనిషినే గిల్లుతారు. మనిషి అంటే గొడవైపోయే మాట బొమ్మ అంటే చెల్లిపోతుంది. రోబోకు ఏ రచయితైనా ఇచ్చే చనువు ఇదే.

ఇంకా వెనక్కి పోతే సింహాసనం మెట్ల మీద సాలభంజికలున్నాయి. పదిహేనో శతాబ్దంలో కొరవి గోపరాజు తెలుగులో 'సింహాసన ద్వాత్రింశిక' రాశాడు. విక్రమార్కుడి సింహాసనం ఎక్కబోయిన భోజరాజును ముప్పై రెండు బొమ్మలు వరసబెట్టి ఆపుతాయి. ఎక్కేముందు ఈ కథ విను, ఆయనంతటివాడివైతే కూర్చో అంటాయి. చేసిపెట్టిన బొమ్మ రాజును నిలదీస్తోంది, రాజు కాలు వెనక్కి తీస్తున్నాడు. చాపెక్ రోబోలకు నాలుగు వందల ఏళ్లకు పైగా ముందే ఇలాంటి సంభాషణ మన దగ్గర ఉంది.

ఇంత ఆస్తి ఉండి మన కొత్త సినిమా ఏం చేసింది? 2024 జూన్ 27న నాగ్ అశ్విన్ 'కల్కి 2898 ఏడీ' వచ్చింది. ప్రభాస్ వేసిన భైరవకు బుజ్జి అనే తోడు. ఒళ్లు కారు, బుర్ర కృత్రిమ మేధ, గొంతు కీర్తి సురేశ్‌ది. సినిమా కోసం ఆ కారును నిజంగానే తయారుచేశారు. మహీంద్రా ఇంజనీర్లు, కోయంబత్తూరు జయెం ఆటోమోటివ్స్ వాళ్లు కలిసి చేసిన ఆ బండి బరువు ఆరు టన్నులు. సినిమాకు నెల ముందు 'బుజ్జి అండ్ భైరవ' అని రెండు భాగాల కార్టూను కూడా వదిలారు. బుజ్జి పనిచేసే చోటు మనకు కొత్తేమీ కాదు. హీరో పక్కన ఉండి, అతని అప్పులెక్క చదివి, కోతలు కోస్తే గాలి తీసే స్నేహితుడి వేషం ఉంటుంది చూడండి, ఇన్నేళ్లూ మన హాస్యనటులు వేసింది, అది ఇప్పుడు కారుకు ఇచ్చారు. కీర్తి సురేశ్ గొంతులో ఆ విసుగు, చనువు బాగానే పలికాయి. నా ఫిర్యాదు ఒక్కటే. బుజ్జికి అన్నీ అర్థమవుతాయి. భైరవ వెటకారమూ అర్థమవుతుంది, బొంకూ అర్థమవుతుంది. పొరపాటుగా వినదు. చమత్కారాలు పడతాయి గానీ చిట్టి దోమను పట్టుకొచ్చినప్పుడు వచ్చిన నవ్వు రాదు. 2014 నాటి 'ఇంటర్‌స్టెల్లర్'లో టార్స్ అనే రోబోకు హాస్యం ఎంత శాతం ఉండాలో నోటితో చెప్పి పెడతారు. అందులోనూ తమాషా ఆ శాతం దగ్గరే ఉంది, టార్స్ వేసే జోకుల్లో లేదు.

ఈ ఆటకు మన భాషను, ముఖ్యంగా మన సీమ మాటను, తగినంత వాడుకోలేదని నా అభిప్రాయం. మనం అడిగే ప్రశ్నల్లో సగం ప్రశ్నలే కావు. చెప్పే మాటల్లో సగానికి నిఘంటువులో అర్థం దొరకదు. అలాంటి మాటల మధ్య ఒక రోబోను వదిలితే ఎలా ఉంటుందో, ఓడీసీ బస్టాండులో, హిందూపురం బస్సు కోసం నిలబెట్టి చూద్దాం. పక్కన అరుగు మీద ఒక అవ్వ.

"ఏమప్పా, యాడికి పోతాండావ్?"

"హిందూపురం. ఈ సమాచారం మీకు ఏ పనికి అవసరం?"

"పనేముంటాదప్పా, కండ్లబడితివి, అడిగితి. తింటివా?"

"నేను తినను. ఛార్జింగు అరవై రెండు శాతం ఉంది."

"నూటికి అరవై రెండేనా! అందుకే అట్లా చిక్కిపోయినావు. ఎవురి బిడ్డవు నువ్వు?"

"నాకు తల్లిదండ్రులు లేరు. ఫ్యాక్టరీలో తయారయ్యాను."

"మా మనవడూ ఫ్యాక్టరీలోనే. ఇంకా పర్మినెంటు కాల్యా. నీకైనా పర్మినెంటేనా?"

"నాకు ఐదేళ్ల వారంటీ ఉంది."

"అట్లంటే కాంట్రాక్టే."

"బస్సు వచ్చింది. పోతున్నాను."

"అట్లనగూడదప్పా. పోయొస్తా అను."

"తిరిగి రావాలని నాకు ఆదేశం లేదు. జరగని పని చెప్పడం అబద్ధం అవుతుంది."

"పోయొస్తా అన్నోళ్లంతా వస్తారా ఏంది? మా ఆయన గూడా అట్లే అనిపోయినాడు. నీకు ఆదేశమే గదా కావాల్సింది?"

"అవును."

"వచ్చేటప్పుడు నాకింత వక్కాకు పట్టుకురా."

"సరే అవ్వా. పోయొస్తా."